మా హ్యామ్ రేడియో క్లబ్ నెట్ కంట్రోల్ నాకు అప్పగించారు. పెద్దవాళ్లను నొప్పించకుండా నెట్ ఎలా నడపాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నాకు హ్యామ్ రేడియో (అభిరుచిగా నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మా క్లబ్‌లో వారానికి ఒక సాయంత్రం రెండు మీటర్ల బ్యాండ్‌లోని రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని దూరానికి తిరిగి పంపే స్టేషన్) మీద నెట్, అంటే సభ్యులంతా వంతులవారీగా మాట్లాడుకునే రేడియో సమావేశం జరుగుతుంది. ఇన్నేళ్లు నడిపిన పెద్దాయన ఇక చేయలేనన్నారు. వచ్చే నెల నుంచి నెట్ కంట్రోల్, అంటే ఎవరి వంతు ఎప్పుడో చెప్పి నడిపే పని, నన్ను చూసుకోమన్నారు. సరేనన్నాను గానీ లోపల టెన్షన్‌గానే ఉంది.

మా నెట్ పరిస్థితి ఇది. ఒక సీనియర్ సభ్యుడు మైక్ పట్టుకుంటే వదలరు. యాంటెన్నాల గురించి, పాత రిగ్గుల (రేడియో సెట్ల) గురించి ఆయన చెప్పేవి నిజంగా వినదగ్గ సంగతులు. కానీ మధ్యలో రిపీటర్ టైమవుట్ అయిపోతుంది, అంటే సమయ పరిమితి దాటి ఆగిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు, మాట్లాడుతూనే ఉంటారు. ఇంకొకరెవరో కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే స్టేషన్ గుర్తింపు పేరు) చెప్పకుండా ఊరికే పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కి వదులుతుంటారు. కొత్తవాళ్లు చెక్ ఇన్ అయి (హాజరు చెప్పి), 73 (హ్యామ్‌ల వీడ్కోలు మాట) చెప్పి మాయమైపోతారు. ఈమధ్య మాటలు రాజకీయాల్లోకి వెళ్లి ఇద్దరికి పడలేదు, అందులో ఒకరు నెట్‌కి రావడమే మానేశారు.

వీళ్లంతా వయసులో, అనుభవంలో నాకన్నా పెద్దవాళ్లు. పదిమంది వింటుండగా ఇక ఆపండి అని ఎలా అనాలి? ఇంకో మాట. నెట్ తప్ప మా క్లబ్‌లో వేరే కార్యక్రమం అంటూ లేదు. ఏం మొదలుపెడితే కొత్తవాళ్లు నిలబడతారు?

జవాబు 1 (చాలాకాలం క్లబ్ నెట్ నడిపిన సభ్యుడు)

అమ్మా, ముందుగా అభినందనలు. కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లు నెట్ కంట్రోల్‌కి ఒప్పుకోవడం చాలా మంచి విషయం. కొత్తవాళ్ల గొంతు విని ఇంకో కొత్తవాళ్లు ధైర్యంగా మైక్ అందుకుంటారు.

మీరు చెప్పినవి నాలుగు సమస్యల్లా కనిపిస్తున్నాయి. నా ఉద్దేశంలో వాటిలో చాలావాటికి మూలం ఒక్కటే. మీ నెట్‌లో ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య, అంటే ఒకరి వంతుకీ ఇంకొకరి వంతుకీ మధ్య, ఖాళీ ఉండటం లేదు. ఒకరు పీటీటీ వదలగానే ఇంకొకరు నొక్కేస్తున్నారు. ఆ ఖాళీని మీరు గట్టిగా నిలబెట్టగలిగితే మిగతావి చాలావరకు దారికొస్తాయి. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో వింటుంది, ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి పంపుతుంది. రెండు మీటర్లలో ఈ రెండింటి మధ్య తేడా చాలాచోట్ల 600 కిలోహెర్ట్జ్. ఎవరి మైకైనా నొక్కుడుపడి అలాగే ఉండిపోతే రిపీటర్ ట్రాన్స్‌మిటర్ కాలిపోకుండా దానికి ఒక టైమర్ పెడతారు. మూడు నిమిషాలు పెట్టడం మామూలు. ఒకరు మాట్లాడటం ఆపి పీటీటీ వదిలాక ఒక చిన్న బీప్ వినిపిస్తుంది చూడండి, చాలా రిపీటర్లలో టైమర్ మళ్లీ సున్నాకి వచ్చేది ఆ బీప్ దగ్గరే. బీప్ రాకముందే తర్వాతి మనిషి నొక్కేస్తే టైమర్ ఆగదు, అలాగే నడుస్తుంటుంది. అంటే ముందు మాట్లాడినవారు రెండు నిమిషాలు వాడుకుంటే, వెంటనే దూరినవారికి మిగిలేది ఒక్క నిమిషమే. మీ సీనియర్ గారికి టైమవుట్ అయిన ప్రతిసారీ తప్పు పూర్తిగా ఆయనదే కాకపోవచ్చు. ఈసారి నెట్‌లో గడియారం చూస్తూ వినండి. ఆయన మూడు నిమిషాలు నిండా మాట్లాడుతున్నారా, లేక బీప్ రాకముందే మొదలుపెడుతున్నారా అన్నది తేలిపోతుంది.

రెండో సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి నొక్కితే బలమైన సిగ్నల్ రిసీవర్‌ని పట్టేసుకుంటుంది. బలహీనమైన సిగ్నల్ ఉన్న ఆనవాలు కూడా మిగలదు. రెండూ ఇంచుమించు సమానమైతే గరగర, కీచుమనే చప్పుడు తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. ఇప్పుడు మీ కొత్తవాళ్లను తలుచుకోండి. చాలామంది దగ్గర 5 వాట్ల హ్యాండీ (చేతి రేడియో) ఉంటుంది, దానికి రబ్బరు యాంటెన్నా, పైగా నాలుగు గోడల మధ్య కూర్చుని ఉంటారు. ఎత్తున యాంటెన్నా పెట్టుకుని 50 వాట్లతో మాట్లాడే పెద్దలు ఖాళీ ఇవ్వకపోతే ఆ పిల్లలు నొక్కినా ఎవరికీ వినపడరు. రెండుసార్లు పిలిచి, ఎవరూ పలకకపోతే, మనల్ని పట్టించుకోవట్లేదు అనుకుని వెళ్లిపోతారు. కొత్తవాళ్లు సిగ్గుపడి మాట్లాడటం లేదని క్లబ్బుల్లో అంటుంటారు. నేను చూసినంతలో వాళ్లకు సందు దొరకకపోవడమే ఎక్కువ.

ఇక పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి అన్నదానికి వస్తాను. ఆన్ ఎయిర్‌లో ఎవరినీ మందలించకండి. ఎంత మెత్తగా అన్నా సరే, రిగ్గు ముందు కూర్చున్న ప్రతివాళ్లూ వింటారు, స్కానర్ పెట్టుకుని వినేవాళ్లు కూడా ఉంటారు. ఆ మాట పడ్డ మనిషి మర్చిపోరు. ముందే విడిగా ఫోన్ చేయండి. సార్, నేను కొత్త, మీ సాయం కావాలి, మీరు చెప్పే సాంకేతిక విషయాలకు నెట్ చివర్లో విడిగా సమయం ఇస్తాను, మొదటి రౌండ్‌లో మాత్రం అందరిలాగే ఒక నిమిషంలో ముగించండి అని అడగండి. చివర్లో ఆయన పది నిమిషాలు చెప్పినా పరవాలేదు. వెళ్లాల్సినవాళ్లు వెళ్లిపోతారు, వినాలనుకున్నవాళ్లు ఉంటారు. ఆయనకూ తన అనుభవానికి గౌరవం దక్కుతుంది.

నెట్ మొదట్లో ప్రతివారం ఒకే మాటలు చదవండి. నేను చదివేది ఇంచుమించు ఇలా ఉంటుంది.

"ఇది మన క్లబ్ వారపు నెట్. ఈ రోజు నెట్ కంట్రోల్ నేను. అత్యవసర సమాచారం ఉన్నవారు ఎప్పుడైనా బ్రేక్ అనవచ్చు. ఒకరు ముగించాక బీప్ విని, మనసులో రెండు లెక్కపెట్టి అప్పుడు నొక్కండి. మొదటి రౌండ్‌లో ఒక్కొక్కరికి ఒక నిమిషం. ముందుగా హ్యాండీ మీద ఉన్నవారు, ప్రయాణంలో ఉన్నవారు చెక్ ఇన్ అవ్వండి."

చివరి వాక్యం వదలొద్దు. తక్కువ పవర్ స్టేషన్లను ముందు పిలిస్తే బలమైన స్టేషన్లు తమంతట తామే ఆగి వింటాయి. అప్పుడు వాళ్లకే వినిపిస్తుంది ఎవరి సిగ్నల్ ఎంత సన్నగా వస్తోందో. నియమం చదివి వినిపించడం కన్నా ఇది బాగా పనిచేసింది.

చెక్ ఇన్ అయినవాళ్లను ఏమిటి విశేషాలు అని అడగకండి. ఏం లేవు, అంతా బాగే, 73 అనేస్తారు. మీరు వాడుతున్న యాంటెన్నా ఏది, నా సిగ్నల్ మీకు ఎంత బాగా వినిపిస్తోంది అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. కాల్‌సైన్ సరిగ్గా పట్టలేకపోతే అందినంత తిరిగి చెప్పి మిగతాది ఫొనెటిక్స్‌లో (ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చొప్పున) అడగండి. ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే ఈ వరుస 1956లో అమల్లోకి వచ్చింది. సొంతంగా కల్పించిన మాటలకన్నా ఇదే నేర్పండి. రేపు వేరే భాష మాట్లాడే స్టేషన్ తగిలినా ఇబ్బంది ఉండదు.

కాల్‌సైన్ చెప్పకుండా నొక్కేవారి గురించి. చాలాసార్లు అది చెడు ఉద్దేశం కాదు, తమ హ్యాండీ రిపీటర్‌ని తెరుస్తోందా లేదా అని చూసుకుంటుంటారు. కోప్పడకుండా, ఇప్పుడు టెస్ట్ చేసిన స్టేషన్ మీ కాల్‌సైన్ ఇవ్వండి, సిగ్నల్ రిపోర్ట్ ఇస్తాను అనండి. వాళ్లకు కావలసింది అదే కాబట్టి ఎక్కువమంది పలుకుతారు. అమెచ్యూర్ స్టేషన్లు ప్రసారంలో తక్కువ వ్యవధుల్లో తమ కాల్‌సైన్ చెప్పాలని ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) రేడియో నియమావళి 25వ అధికరణమే అంటుంది. ఎన్ని నిమిషాలకు ఒకసారి అన్నది ఎవరి లైసెన్స్ షరతుల్లో వారు చూసుకోవాలి. అమెరికాలో అయితే కనీసం పది నిమిషాలకు ఒకసారి, సంభాషణ ముగిసేటప్పుడు మరోసారి.

రాజకీయాల సంగతి. పాల్ సెగల్ అనే హ్యామ్ 1928లో రాసిన అమెచ్యూర్ ప్రవర్తనా నియమాల్లో మొదటిదే ఇది: ఇతరుల ఆనందం తగ్గేలా తెలిసి తెలిసి ఆపరేట్ చేయకూడదు. నాకు ఇదొక్కటే కొలత. ఒక విషయం ఎత్తితే వింటున్నవాళ్లలో ఎవరో ఒకరు రేడియో కట్టేయాల్సి వస్తుందంటే ఆ విషయం మన నెట్‌ది కాదు. మాట అటు తిరుగుతున్నట్టు అనిపించగానే మీరు వాదనలోకి దిగకుండా, ధన్యవాదాలు, తర్వాతి స్టేషన్ అని పేరు పిలిచేయండి. నెట్ కంట్రోల్‌కి ఉన్న హక్కు అది, మొహమాటపడకండి. రావడం మానేసిన ఆ సభ్యుడికి కూడా మీరే ఫోన్ చేయండి. కొత్త కంట్రోలర్ పిలిస్తే రావడం ఆయనకీ తేలిక.

జవాబు 2 (ఫాక్స్ హంట్‌లు నిర్వహించే సభ్యురాలు)

పైన సార్ నెట్ గురించి చెప్పాక నేను కలపాల్సింది లేదు. కార్యక్రమాల గురించి చెబుతాను. నెట్ ఒక్కటే ఉన్న క్లబ్‌లో జనం ఒకరికొకరు గొంతుగానే మిగిలిపోతారు. ఫాక్స్ హంట్ పెట్టండి. ఖర్చు తక్కువ. ట్రాన్స్‌మిటర్ బాధ్యత లైసెన్స్ ఉన్నవారిది కాబట్టి, వెతకడానికి మాత్రం లైసెన్స్ లేని స్నేహితులు, పిల్లలు కూడా రావచ్చు.

ఒక చిన్న ట్రాన్స్‌మిటర్‌ని ఎక్కడో దాచిపెట్టి, అది కాల్‌సైన్‌తో సహా ఆగి ఆగి పలికేలా చేస్తారు. దాని దిక్కు పట్టుకుంటూ వెళ్లి చేరుకోవాలి. అంతర్జాతీయ పోటీల్లో అయితే అయిదు ట్రాన్స్‌మిటర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద తలా ఒక నిమిషం చొప్పున వంతులవారీగా పలుకుతాయి. మోర్స్‌లో (చుక్కలు, గీతల సంకేతంలో) అవి పంపేవి ఎంఓఈ, ఎంఓఐ, ఎంఓఎస్, ఎంఓహెచ్, ఎంఓ5. చివరి అక్షరంలోని చుక్కలు లెక్కపెడితే అది ఎన్నో ట్రాన్స్‌మిటరో తెలిసిపోతుంది. మోర్స్ రానివాళ్లకు కూడా అది అర్థమవుతుంది.

మొదటిసారికి మీకు ఒక్క ఫాక్స్ చాలు. దిక్కు చూసే యాంటెన్నా లేకపోయినా హ్యాండీ ఉంటే మొదలుపెట్టొచ్చు. హ్యాండీని ఛాతీకి ఆనించి పట్టుకుని నిలుచున్నచోటే మెల్లగా చుట్టూ తిరగండి. మన ఒళ్లే సిగ్నల్‌కి అడ్డం. ఎటు తిరిగినప్పుడు సిగ్నల్ బాగా తగ్గిపోతుందో, ఫాక్స్ సరిగ్గా మీ వీపు వైపు ఉన్నట్టు. గోడల పక్కన, ఇనుప కంచెల పక్కన ఇలా చూడకండి. సిగ్నల్ వాటికి తగిలి వెనక్కి వచ్చి తప్పు దిక్కు చూపిస్తుంది. ఖాళీ ప్రదేశంలో నిలబడి చూడాలి.

అసలు కష్టం దగ్గరికి వెళ్లాక మొదలవుతుంది. ఎటు తిరిగినా మీటర్ నిండుగానే ఉంటుంది. అప్పుడు యాంటెన్నా విప్పేయండి, లేదా ఫ్రీక్వెన్సీని 5 కిలోహెర్ట్జ్ పక్కకు జరపండి. ఇంకో కిటుకు ఉంది. ఫాక్స్ 144.600 మెగాహెర్ట్జ్ మీద ఉంటే హ్యాండీని దానికి మూడు రెట్లు, అంటే 433.800 మీద పెట్టండి. ట్రాన్స్‌మిటర్ నుంచి కొద్దిగా బయటికి వచ్చే ఆ మూడు రెట్ల సిగ్నల్ (మూడో హార్మోనిక్) చాలా బలహీనంగా ఉంటుంది కాబట్టి బాగా దగ్గరికి వెళ్తేనే వినిపిస్తుంది. అది చెవిన పడిందంటే ఫాక్స్ మీ చుట్టుపక్కలే ఉంది, ఇక కళ్లతో వెతకండి. మా క్లబ్‌లో పదేళ్ల పాప ఈ కిటుకుతోనే పెద్దవాళ్లందరికన్నా ముందు చేరింది. ఆ పాప ఇప్పుడు లైసెన్స్ పరీక్షకు చదువుతోంది.

రెండో సలహా, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని (ఐఎస్ఎస్) వినిపించండి. 1983లో ఓవెన్ గారియట్ కొలంబియా షటిల్ నుంచి మాట్లాడినప్పటి నుంచి వ్యోమగాముల్లో హ్యామ్‌లు ఉంటూనే ఉన్నారు. ఐఎస్ఎస్ నుంచి మాటలు వచ్చేది 145.800 మెగాహెర్ట్జ్ మీద. అది వేగంగా కదలడం వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే డాప్లర్ మార్పు ఆ బ్యాండ్‌లో మూడున్నర కిలోహెర్ట్జ్‌కి అటూఇటూ, కాబట్టి మామూలు ఎఫ్‌ఎం హ్యాండీని అక్కడే ఉంచి వినొచ్చు. ఒక్కసారి మన నెత్తి మీదుగా వెళ్లడానికి పట్టేది పది నిమిషాలే, అందుకని అంతా ముందే సిద్ధం చేసుకోవాలి. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు చప్పుడును ఆపేది) పూర్తిగా తెరిచి, యాంటెన్నాని అటూఇటూ వంచుతూ వినండి. అన్నిసార్లూ మాటలు ఉండవు. బడిపిల్లలతో వ్యోమగాములు మాట్లాడే కార్యక్రమం ఉందేమో, చిత్రాలు పంపే రోజులేమో చూసుకుని పిలవండి.

జవాబు 3 (ఎక్కువగా హెచ్‌ఎఫ్ మీద ఉండే సభ్యుడు)

ఒక్క విషయం కలుపుతాను. రిపీటర్ మీద మర్యాద వచ్చినవాళ్లు కూడా హెచ్‌ఎఫ్‌కి (దూరదేశాలతో మాట్లాడే షార్ట్‌వేవ్ బ్యాండ్లకు) వెళ్లగానే తడబడుతున్నారు. క్లబ్‌లో అందరూ కలిసి కూర్చుని ఒక రిగ్గు ముందు ఇది నేర్పాలి.

ఫ్రీక్వెన్సీ ఖాళీగా వినిపించినంత మాత్రాన ఖాళీ కాదు. మాట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకరు మీకు స్కిప్ వల్ల (సిగ్నల్ ఆకాశంలో తిరిగి మీ చోటును దాటి దిగడం వల్ల) అసలు వినపడకపోవచ్చు, ఆయన వంతు నడుస్తుంటుంది. అందుకే కాసేపు విని, ఈ ఫ్రీక్వెన్సీ వాడుకలో ఉందా అని కాల్‌సైన్‌తో అడిగి, ఆగి, మళ్లీ అడిగి అప్పుడు సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) ఇవ్వాలి. మోర్స్‌లో అయితే క్యూఆర్ఎల్, పక్కన ప్రశ్న గుర్తు. ట్యూనింగ్ డమ్మీ లోడ్ (సిగ్నల్ బయటికి పోనివ్వని నకిలీ యాంటెన్నా) మీద చేసుకోవాలి, ఎవరి సంభాషణ మీదా కాదు.

అరుదైన స్టేషన్ 14.195 మెగాహెర్ట్జ్ మీద ఉండి అప్ ఫైవ్ టు టెన్ (అయిదు నుంచి పది కిలోహెర్ట్జ్ పైన పిలవండి) అంటే, ఆయన 14.200 నుంచి 14.205 మధ్య వింటున్నారని అర్థం. 14.195 మీద మీరు పిలిస్తే ఆయనకు వినపడదు, ఆయన్ని వింటున్న వందలమందికి అడ్డం పడుతుంది. అప్పుడు ఇంకొకరు అక్కడే స్ప్లిట్ స్ప్లిట్ (పిలవాల్సింది వేరే ఫ్రీక్వెన్సీ మీద) అని అరుస్తారు. అరిచినవాళ్లు కూడా అదే తప్పు చేస్తున్నట్టు. ఎవరైనా పొరపాటున పడితే నోరు మెదపకపోవడమే మేలు. ఆయన ఎవరి కాల్‌సైన్‌లో ఒక ముక్క చెప్పి పిలిస్తే, ఆ ముక్క మీది కాకపోతే ఆగండి.

జనాన్ని కూర్చోబెట్టి వినడం అలవాటు చేయాలంటే 14.100 మెగాహెర్ట్జ్ మీద ఉన్న అంతర్జాతీయ బీకన్లు (వాటంతటవే గుర్తింపు సిగ్నల్ పంపే స్టేషన్లు) బాగుంటాయి. మూడు నిమిషాల చక్రంలో 18 బీకన్లు వంతులవారీగా పలుకుతాయి. ప్రతిదీ కాల్‌సైన్ పంపి, తర్వాత నాలుగు గీతలు పంపుతుంది. మొదటి గీత 100 వాట్లు, తర్వాత 10, ఆ తర్వాత 1, చివరిది 0.1 వాట్. నాలుగో గీత కూడా వినిపించిన రోజున, పవర్ పెంచుకుందాం అనేవాళ్లు యాంటెన్నా గురించి మాట్లాడటం మొదలుపెడతారు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

అందరికీ చాలా థాంక్స్. సీనియర్ గారికి ఫోన్ చేశాను. నెట్ చివర్లో సమయం ఇస్తాననగానే సంతోషించారు, మొదటి వారం కోయాక్స్‌లో (రేడియోకీ యాంటెన్నాకీ మధ్య కేబుల్‌లో) సిగ్నల్ నష్టం గురించి చెబుతానన్నారు. ఇంకో రెండు సందేహాలు. అప్పుడప్పుడు ఎవరో నెట్ మధ్యలో పాటలు పెట్టి నొక్కి పట్టుకుంటారు, అప్పుడేం చేయాలి? నిజంగానే ఎవరైనా బ్రేక్ అని అత్యవసర సమాచారం ఇస్తే నేను ఏం చేయాలో వరసగా చెప్పగలరా? నాకు ఇదే ఎక్కువ భయం.

జవాబు 1 నుంచి మళ్లీ

పాటలు పెట్టేవారికి కావలసింది మన కోపం. కాబట్టి ఒక్క ముక్క కూడా ఆయన గురించి ఆన్ ఎయిర్‌లో అనకండి, ఎవరినీ అననివ్వకండి. ఆయన వదలగానే ఏమీ జరగనట్టు తర్వాతి స్టేషన్‌ని పిలవండి. నెట్ సాగనివ్వకపోతే ముందే అనుకున్న సింప్లెక్స్ ఫ్రీక్వెన్సీకి (రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడుకునేదానికి) మారండి. ఈ పక్కన తేదీ, సమయం, ఎంతసేపు, రిపీటర్ ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ మీద నేరుగా ఎవరికి ఎంత బలంగా వినిపించాడు అన్నవి రాసుకోండి. అవుట్‌పుట్ మీద వింటే మీకు తెలిసేది రిపీటర్ బలం మాత్రమే, ఆ మనిషిది కాదు. ఫాక్స్ హంట్ నేర్చుకున్నవాళ్లు ఇక్కడ పనికొస్తారు. దిక్కు దొరికినా ఎవరూ ఆ ఇంటి తలుపు తట్టకూడదు. రాసుకున్నదంతా క్లబ్ తరఫున లైసెన్సింగ్ అధికారులకు ఇవ్వాలి.

ఇక బ్రేక్. భయపడాల్సిందేమీ లేదు, కానీ క్రమం తప్పకూడదు. బ్రేక్ వినగానే ఎవరు మాట్లాడుతున్నా సరే ఆపి, అందరూ ఆగండి, అత్యవసర స్టేషన్ చెప్పండి అనండి. ఎక్కడ, ఏం జరిగింది, ఎంతమంది, ఏం సాయం కావాలి, ఈ నాలుగూ కాగితం మీద వాళ్ల మాటల్లోనే రాయండి. మీ సొంత మాటల్లోకి మార్చొద్దు. రాసింది తిరిగి చదివి వినిపించి, సరే అనిపించుకోండి. సమయం వేయండి. ఫోన్ అందుబాటులో ఉన్న ఒక స్టేషన్‌ని పేరు పెట్టి పిలిచి ఆ సమాచారం అప్పగించండి. ఎవరైనా చేయండి అంటే ఎవరూ చేయరు, లేదా నలుగురు చేస్తారు. ఆ స్టేషన్ వచ్చి అందజేశాను అని చెప్పేదాకా ఫ్రీక్వెన్సీ వదలొద్దు.

2004 డిసెంబర్‌లో భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో ఆన్ ఎయిర్‌లో ఉంది. అండమాన్ అరుదైన చోటు కాబట్టి వాళ్ల కోసం ప్రపంచమంతా పైలప్, అంటే ఒకేసారి పిలిచే స్టేషన్ల గుంపు. 26న సునామీ వచ్చింది. అదే రిగ్గులతో, అదే ఆపరేటర్లతో ఆ స్టేషన్ అత్యవసర సమాచార కేంద్రంగా మారిపోయింది, ద్వీపాల్లో ఉన్నవాళ్ల క్షేమ సమాచారం బయటికి చేరవేసింది. ముందురోజు దాకా సిగ్నల్ రిపోర్టులు ఇచ్చిపుచ్చుకున్న నోళ్లే అవి. అంత పెద్ద ఆపద మనకు రానక్కర్లేదు గానీ, ఆ పని చేయగలిగే అలవాటు మామూలు నెట్‌లోనే పడాలి.

కాబట్టి నెలకోసారి నెట్‌లో ఒక అభ్యాసం పెట్టండి. పాతిక మాటల సందేశం ఒకటి రాసి, అందులో ఒక ఫోన్ నంబరు, రెండు మూడు పేర్లు ఉండేలా చూసి మొదటి స్టేషన్‌కి చదవండి. వాళ్లు రెండో స్టేషన్‌కి, వాళ్లు మూడోవారికి. చివరి స్టేషన్ చదివింది మీ కాగితంతో పోల్చండి. సందేశం మొదట్లోనే ఇది అభ్యాసం అని, చివర్లో మళ్లీ ఇది అభ్యాసం అని తప్పనిసరిగా చెప్పించండి. మధ్యలో ట్యూన్ చేసి వినేవాళ్లు నిజమనుకుంటారు. మొదటిసారి మీ సీనియర్ గారిని చివరి స్టేషన్‌గా పెట్టండి. కొత్తవాళ్లు చెప్పింది ఆయన ఓపిగ్గా విని రాసుకోవాల్సి వస్తుంది, వాళ్లకూ ఆయనతో మాట్లాడే బెరుకు తగ్గుతుంది.